లిఫ్టర్ వేలు

1 డిసెంబర్ 1989, శుక్రవారం. అజైబా

ఊరి నుంచి ఈ గల్ఫ్‌కు కొత్తగా వచ్చిన ఇద్దరినీ ఈ రోజు క్యాంపు గ్రౌండులో ఆడించి చూశాను. అసహ్యం వేసింది.

లింబాద్రి ఆరడుగులు దాటిన మనిషి. ఎగిరితే వేళ్ళ కొసలు మాత్రమే నెట్ దాటుతున్నాయి. పోచన్న అంతకంటే అధ్వాన్నం. షాట్ కొట్టమంటే దుప్పటి దులిపినట్టు నెట్‌ను కొడుతున్నాడు. పదహారు బంతుల్లో పద్నాలుగు నెట్‌లోనే పడ్డాయి. మజహర్ కుర్చీ వేయించుకుని కూర్చుని చూశాడు. హైదరాబాద్ మనిషి, పర్సనెల్ ఆఫీసర్. ఆటలో ఓనమాలు తెలియవు. కానీ జట్టు గురించి పెద్ద మేనేజరుకు జవాబు చెప్పుకోవాల్సింది అతనే.

"క్యా మాస్టర్, జింకలు దొరికినయ్ అన్నవ్. నాకైతే బక్రాలు కనబడుతున్నయ్" అన్నాడు.

ప్రయాణం బడలిక అన్నాను. వచ్చి పదకొండు రోజులయిందని అతను గుర్తు చేశాడు.

వీసా కాగితాల మీద ఒకడు తాపీ మేస్త్రీ, ఒకడు షటరింగ్ కార్పెంటర్. నిజానికి తెప్పించింది చలికాలం కంపెనీల వాలీబాల్ టోర్నమెంట్ కోసం. ఎవరిని తేవాలో, ఎవరిని ఉంచాలో ఏడేళ్ళుగా చెబుతున్నది నేను. నా ఉద్యోగం మాత్రం స్టోర్ కీపర్. నా చదువుకు తగినది కాదు. అది వేరే విషయం.

ఈ ఇద్దరినీ ఎంపిక చేసింది వీడియో క్యాసెట్ చూసి. ఆర్మూర్ ఏజెంట్ జూలైలో పంపాడు. పెళ్ళిళ్ళు తీసే ఫొటోగ్రాఫర్ చేత తీయించాడు కాబట్టి బంతి కొట్టిన ప్రతిసారీ తెర మీద గులాబీలు రాలాయి, వెనక సినిమా పాట. ఆ రోత భరిస్తూ నాలుగుసార్లు చూశాను. నలుగురు కుర్రాళ్ళలో వీళ్ళిద్దరి మోచేతులు నెట్ పైన స్పష్టంగా కనిపించాయి. కళ్ళతో చూసిందే నమ్మాను.

4 డిసెంబర్

పప్పులో ఇసుక. చెప్పినా ప్రయోజనం లేదు కనుక చెప్పలేదు.

8 డిసెంబర్, శుక్రవారం

లిఫ్టర్ గురించి రాసిపెట్టుకోవాలి. ఫిబ్రవరి ఆఖరి శుక్రవారం మజహర్‌కు జాబితా ఇవ్వాలి. ఎనిమిది పేర్లు. పేరున్నవాడి వీసా రెండేళ్ళు పొడిగిస్తారు. పేరు లేని పాతవాడు ఇంటికి, కొత్తవాడు ఎడారి లోపలి ఇబ్రి సైటుకు.

ప్రభాకర్‌కు ఇరవై మూడేళ్ళు. మార్చిలో వీసా అయిపోతుంది. రెండేళ్ళుగా లిఫ్టర్‌గా ఆడుతున్నాడు. కొట్టేవాళ్ళకు బంతి అందించేది లిఫ్టర్. చూసేవాళ్ళు కొట్టినవాడి పేరే అరుస్తారు, ఆట నడిపేవాడు మాత్రం లిఫ్టరే. వీడి చేతుల్లోంచి బంతి వెళ్ళేటప్పుడు శబ్దం రాదు. తిరగదు. గాలిలో ఎవరో బల్ల మీద పెట్టినట్టు వెళ్ళి నిలబడుతుంది. నేను ఉన్నది ఉన్నట్టు రాస్తాను. వయసులో ఉన్నప్పుడు నా చేతులు ఇలా ఉండేవి.

లోపాలు: నవ్వుతాడు. తప్పు కొట్టినవాడి వీపు తడతాడు. క్రమశిక్షణ తెలియని ఇల్లు. పెద్దులు కొడుకు కదా.

పెద్దులు పేరు ఈ డైరీలో రాయకూడదనుకున్నాను. రాశాను కనుక పూర్తిగా రాస్తాను. 1955లో సికింద్రాబాదులో రైల్వే జట్టుకు ఎంపికలు. మా తాలూకా నుంచి ఇద్దరం వెళ్ళాం. పెద్దులు కొట్టేవాడు, నేను లిఫ్టర్. ఎంపికైతే ఉద్యోగం, క్వార్టర్, పింఛను. మూడు రోజుల ముందు బావి దగ్గర మోట తాడులో పడి నా ఉంగరపు వేలు నలిగింది. గుడ్డ చుట్టుకుని, అలవాటుగా కట్టుకుంటానని అందరికీ చెప్పాను. నిజం పెద్దులుకు ఒక్కడికే తెలుసు. వాడు వెళ్ళి పరీక్షాధికారి చెవిలో వేశాడు. నన్ను గీత బయట కూర్చోబెట్టారు. వాడికి ఉద్యోగం వచ్చింది. నేను జీతం స్కేలు లేని డ్రిల్ మాస్టరునయ్యాను, ఆ తర్వాత ఈ ఎడారిలో మేకులు లెక్కపెట్టే గుమాస్తానయ్యాను.

నెల తిరక్కుండానే వేలు పూర్తిగా నయమైంది. ఈ అక్షరాలు రాస్తున్నది ఆ చేత్తోనే. అంటే ఆ దెబ్బ అసలు లెక్కలోకే రాదన్నమాట. అందుకే చెబుతున్నాను, అది ద్రోహం.

కొడుకు మీద నాకు ఏమీ లేదు.

15 డిసెంబర్, శుక్రవారం

మళ్ళీ అదే ఆట. లింబాద్రి చెమట తుడుచుకుంటూ వచ్చి, తప్పు చేసినవాడిలా కాకుండా సందేహం అడిగేవాడిలా నిలబడ్డాడు.

"సార్, ఈడ నెట్ శాన మీదికుంది. మా ఊర్ల గింత లేకుండె."

నెట్ ప్రపంచమంతా ఒకటే ఎత్తు ఉంటుందని, ఎత్తు లేనిది వాడి ఎగురుడికేనని చెప్పాను. వాడు తల ఊపి వెళ్ళిపోయాడు. తిట్టినా బాధపడని మనుషులంటే నాకు వెగటు.

18 డిసెంబర్

మధ్యాహ్నం మజహర్ భోజనానికి వెళ్ళినప్పుడు ఆఫీసులో క్యాసెట్ పెట్టుకుని ఒంటరిగా చూశాను. గులాబీలు రాలడం మొదలుకాక ముందు ఒక క్షణం లింబాద్రి నెట్ పక్కన నిలబడి బొత్తాం పెట్టుకుంటాడు. నెట్ కింది అంచు ఛాతీ దగ్గర ఉండాలి. వాడి నడుము దగ్గర ఉంది.

జానెడున్నర దించి కట్టారు. ఏజెంట్ కట్టించాడో ఫొటోగ్రాఫర్ కట్టించాడో. నలుగురూ ఆకాశంలోకి ఎగిరినట్టు కనిపించడానికి అంతే చాలు. నేను నాలుగుసార్లు మోచేతులే చూశాను. నడుములు చూడలేదు.

రోము చరిత్ర రెండు సంపుటాలూ చదివినవాడిని. సంతలో మల్లయోధుల కండరాలకు నూనె పూసి అమ్మేవాళ్ళని చదివి నవ్వుకున్నవాడిని.

క్యాసెట్ తీసి, మా స్టోర్‌లో పాత రంగు డబ్బాల వెనక పెట్టాను. ఎవరైనా అడిగితే టేపు చిక్కుకుని పాడైందని చెప్పాలి.

20 డిసెంబర్

డ్యూటీ పట్టిక మార్చాను. స్టోర్‌లో తేలిక పనికి ఇద్దరికే చోటుంది. కొత్తవాళ్ళ కాళ్ళు అలిసిపోకూడదు కనుక లింబాద్రినీ పోచన్ననూ స్టోర్‌లోకి తీసుకున్నాను. ఇన్నాళ్ళూ నా దగ్గర ఉన్న ప్రభాకర్‌ను ఇనుప రాడ్ల యార్డుకు పంపాను. అక్కడ మనుషులు తక్కువగా ఉన్నారు. ఇందులో వేరే ఉద్దేశం లేదు. మజహర్ చదవకుండానే సంతకం పెట్టాడు.

ప్రభాకర్ యార్డులో చేతి తొడుగులు ఉంటాయా అని మాత్రం అడిగాడు. ఆర్డరు పెట్టానన్నాను. పెట్టాలి.

5 జనవరి 1990, శుక్రవారం

టోర్నమెంట్ మొదటి మ్యాచ్. గెలిచాం.

లింబాద్రి తొమ్మిది పాయింట్లు కొట్టాడు. పోచన్న కూడా నాలుగు. మజహర్ లేచి నిలబడి చప్పట్లు కొట్టి నా భుజం పట్టుకుని ఊపాడు. మాస్టర్ కన్ను మాస్టర్ కన్నే అని సాయంత్రం మెస్సులో నలుగురికీ వినబడేలా అన్నాడు. నా ఎంపిక తప్పు కాదని తేలింది. పునాది ఉంది, నేర్పితే వచ్చింది.

జరిగిందేమిటో కూడా రాయాలి. లింబాద్రి బాగా ఎగరలేడని ప్రభాకర్ వారం రోజులుగా వాడిని విడిగా ఆడిస్తున్నాడట. ఎత్తుగా లేపకుండా, నెట్‌కు జానెడు దూరంలో తక్కువ ఎత్తున, అవతలివాళ్ళు చేతులు లేపేలోపే బంతి పెట్టేస్తున్నాడు. లింబాద్రి ఎగరనక్కరలేదు. చెయ్యి ఊపితే చాలు. నేను చెప్పకుండా ఇటువంటివి చెయ్యడం క్రమశిక్షణ కాదని వాడితో అన్నాను.

"వాని ఎత్తుకు సరిపోను ఏసిన సార్. వాడు గూడ బతకాలె గద" అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వు పెద్దులుదే.

12 జనవరి, శుక్రవారం

గెలిచాం. మజహర్ నాకు కొత్త బూట్లు తెప్పిస్తానన్నాడు.

17 జనవరి

పది గంటలప్పుడు ప్రభాకర్ స్టోర్‌కు వచ్చాడు. ఎడమ చేయి తువ్వాలులో చుట్టుకున్నాడు. రాడ్ల కట్ట దించుతుంటే గొలుసు జారి నడిమి వేలు మధ్యలో పడి నలిగిందట. వేలు వంకాయలా ఉంది. రెండో కణుపు దగ్గర ముట్టుకుంటే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. మందుల పెట్టె నా దగ్గరే ఉంటుంది. ఐస్‌క్రీమ్ పుల్లలు రెండు పెట్టి తెల్ల టేపుతో కట్టాను. విరిగింది. నేను డాక్టరును కాను కానీ విరిగిన వేలు నాకు తెలుసు.

ఆస్పత్రి మాట ఎత్తితే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆస్పత్రికి పోతే కాగితం మజహర్ దగ్గరికి వస్తుంది, ఆడలేనివాడిని ఇంటికి పంపేస్తారు. పోయినేడు మోకాలు వాచినవాడిని అలాగే పంపారని వాడి భయం. ఊళ్ళో భార్య సంగీత బీడీలు చుడుతుందని, పొగాకు పడక దగ్గు పట్టుకుందని, వీసా పొడిగిస్తే ఆ పని మాన్పిస్తానని మాట ఇచ్చి వచ్చానని చెప్పాడు.

"సార్, ఎవ్వలికి చెప్పకుండ్రి. మీ కాళ్ళు మొక్కుత."

చెప్పనన్నాను.

నేను పెద్దులును కాను. ఒకడు నమ్మి చూపిన గాయాన్ని తీసుకెళ్ళి అధికారి చెవిలో వేసే జాతి కాదు నాది.

చేతి తొడుగులు ఈ రోజు ఆర్డరు పెట్టాను.

19 జనవరి, శుక్రవారం

ఓడాం. టేపు కట్టిన వేలు బంతిని పట్టడం లేదు. బంతి తిరుగుతూ వెళుతోంది, శబ్దంతో. ప్రతి లిఫ్టుకూ ముందు వాడు పళ్ళు బిగించడం నేను గీత బయట నుంచి చూశాను. లింబాద్రి మళ్ళీ నెట్‌ను కొట్టాడు, పోచన్న గాలిని కొట్టాడు.

రోత పుట్టించే ఆట. జాబితా గురించి ఆలోచించాలి.

26 జనవరి, శుక్రవారం

గెలిచాం, ఎలాగో. అవతలి జట్టు మాకంటే దరిద్రంగా ఉంది.

ఆట తర్వాత టేపు మార్చడానికి ప్రభాకర్ గదికి వచ్చాడు. నా పుస్తకాల వంక చూసి, ఇవన్నీ చదివినారా అన్నాడు. చదివానన్నాను. తండ్రి నా గురించి చెప్పేవాడని మొదలుపెట్టాడు. నేను టేపు చింపుతున్నాను. చింపుతూనే ఉన్నాను.

"మా బాపు అంటుండె సార్, తాలూకల గంగాధరం అసొంటి లిఫ్టర్ లేడని. ఎంపిక కాడ వేలు ఇరిగి ఉన్నదని తనే పోయి చెప్పిండట. చెప్పకపోతె ఆడి ఆడి ఆ చెయ్యే పోయేది, బతికినన్నాళ్ళు తిట్టుకుంటడు గని చెయ్యైతె ఉంటదనుకున్నడట."

దొంగ చెప్పుకునే సంజాయిషీ ఇలాగే ఉంటుంది. ఉద్యోగం తీసుకున్నది ఎవరు? క్వార్టరులో పడుకున్నది ఎవరు? ముప్ఫై అయిదేళ్ళలో ఒక్క కార్డు ముక్క రాయనివాడు కొడుక్కు మాత్రం కథ చెప్పాడు. ఇదంతా వాడితో అనలేదు. మరి ఇప్పుడు నీ వేలు సంగతి నువ్వెందుకు దాస్తున్నావు అని మాత్రం అడిగాను.

నా అవసరం చెయ్యి కంటె పెద్దది సార్ అన్నాడు.

కట్టు కొంచెం బిగుతుగా పడింది. వాడు అరవలేదు.

27 జనవరి

పెద్దులు అబద్ధం చెప్పాడు.

28 జనవరి

అబద్ధమే.

2 ఫిబ్రవరి, శుక్రవారం

మళ్ళీ ఓటమి. సెమీఫైనల్‌కు పాయింట్ల లెక్కలో బొటాబొటిగా చేరాం. మజహర్ నన్ను ఆఫీసుకు పిలిచి తలుపు వేశాడు. చాయ్ తెప్పించాడు. అతను తిట్టేటప్పుడు చాయ్ తెప్పించడు కనుక కొంచెం ధైర్యం వచ్చింది.

"మాస్టర్, సీదా అడుగుతున్న. జనవరిల మంచిగ ఆడిన జట్టు ఇట్ల ఎందుకయింది? తప్పు లిఫ్టర్‌దా, నువ్వు తెచ్చినోళ్ళదా?"

ఆలోచించి చెబుతానన్నాను. అది కుదరదన్నాడు. పెద్ద మేనేజర్ ఆ ఇద్దరినీ ఎవరు ఎంపిక చేశారని అడిగాడట, ఆ క్యాసెట్ తానే చూస్తానన్నాడట. క్యాసెట్ టేపు చిక్కుకుని పాడైందని చెప్పాను. మజహర్ నన్ను కాసేపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఆ పిల్లగాని చేతికి పట్టీ చూసిన. దెబ్బ తాకిందా? తాకితే చెప్పు. డ్యూటీల తాకిన దెబ్బ అయితే కంపెనీ ఆస్పత్రి ఖర్చు పెట్టుకుంటది, నేను రాసుకుంట, ఈ సీజన్ ఆడకున్నా పేరు ఉంచుత. మోకాలోని సంగతి వేరే, వాడు ఊరి నుంచి తెచ్చుకున్న నొప్పి. దెబ్బ లేకుండ ఇట్ల ఆడుతుంటే మాత్రం నేను ఉంచలేను."

ఇది నాకు తెలియని నిబంధన. ప్రభాకర్‌కూ తెలియదు. డ్యూటీలో తాకిన దెబ్బ అంటే వాడిని యార్డుకు పంపింది ఎవరు, తొడుగులు లేకుండా పంపింది ఎవరు అని అడుగుతారు. ఆ ఆలోచన నాకు రాలేదు. నాకు గుర్తొచ్చింది నేను ఇచ్చిన మాట ఒక్కటే.

"దెబ్బేమీ లేదు. అలవాటుగా కట్టుకుంటాడు" అన్నాను. "బద్ధకం. పేరొచ్చేసరికి పొగరెక్కింది."

మజహర్ చాయ్ కప్పు పక్కన పెట్టి, అచ్ఛా అన్నాడు. ఆ అచ్ఛాలో ఏమీ లేదు.

ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం ఈ కాలంలో ఎంతమందికి తెలుసు?

3 ఫిబ్రవరి

మజహర్ చెప్పిన సంగతి ప్రభాకర్‌కు చెప్పవచ్చు. వాడే వెళ్ళి చెప్పుకుంటాడు. స్టోర్ కిటికీలోంచి వాడు యార్డులో రాడ్లను కుడి చేత్తో, ఎడమ మోచేత్తో ఎత్తడం కనిపిస్తోంది. పిలవడానికి లేచాను. అప్పుడే మేకుల లోడు వచ్చింది.

7 ఫిబ్రవరి

లోడు దించడం అయిపోయింది.

9 ఫిబ్రవరి

తలనొప్పి. ప్రాక్టీసు చూడటానికి వెళ్ళలేదు.

16 ఫిబ్రవరి, శుక్రవారం

సెమీఫైనల్. వరుసగా మూడు సెట్లలో ఓటమి.

రెండో సెట్‌లో అవతలివాడి షాట్ నేరుగా ప్రభాకర్ ఎడమ చేతి మీద పడింది. వాడు కింద కూర్చున్నాడు. రిఫరీ ఆట ఆపాడు. మజహర్ నా పక్కనే ఉన్నాడు. నా వైపు తిరిగాడు. నేను స్కోరు పలక వంక చూశాను. ప్రభాకర్ లేచి, పళ్ళతో టేపు బిగించుకుని, ఏమీ కాలేదని రిఫరీకి చెయ్యి ఊపి చూపించాడు. ఊపింది కుడి చెయ్యి.

ఆ తర్వాత వాడు అయిదు వేళ్ళతో కాదు, అరచేత్తో బంతిని నెట్టాడు. జనం నవ్వారు. ఎవరో మలయాళీ కుర్రాడు ఈల వేశాడు. ఇంత అసహ్యకరమైన లిఫ్టింగ్ నేను నా జీవితంలో చూడలేదు. నిజం రాయాలి కనుక రాస్తున్నాను: చూడలేకపోయాను కూడా.

23 ఫిబ్రవరి, శుక్రవారం

జాబితా ఇచ్చాను. ఎనిమిది పేర్లు. లింబాద్రి ఉన్నాడు. పోచన్న ఉన్నాడు, నేర్చుకుంటాడని పక్కన రాశాను. ప్రభాకర్ పేరు ఎదురుగా రాసింది: చేతులు నిలకడగా లేవు, కొట్టేవాళ్ళను పాడుచేశాడు, పొడిగింపుకు అర్హుడు కాడు.

మజహర్ చదివాడు. పక్కా? అన్నాడు. పక్కా అన్నాను. పెద్ద మేనేజర్‌కు ఇక ఏ సందేహమూ ఉండదట. నా ఎంపికలు మంచివేనట, లిఫ్టర్ వల్ల చెడ్డాయట. వచ్చే ఏడాదికి మంచి లిఫ్టర్‌ను చూడమన్నాడు.

ఒక్కటి మాత్రం న్యాయంగా ఉండాలి కనుక రాస్తున్నాను. నేను ఎవరి మీదా చాడీ చెప్పలేదు.

2 మార్చి, శుక్రవారం

రేపు ప్రభాకర్ ప్రయాణం. సాయంత్రం నాలుగింటికి గదికి వచ్చాడు. చొక్కా కొత్తది. టేపు తీసేశాడు. వేలు మధ్యలో పక్కకు తిరిగి అలాగే బిగిసింది, వంగదు. పొద్దున ఎవరో చెబితే క్లినిక్కుకు వెళ్ళాడట. ఎముక వంకరగా అతుక్కుందని, మొదటి వారంలో వస్తే సరిగా అతికేదని అక్కడి డాక్టర్ అన్నాడట. వాడు ఇదంతా వేరేవాడి సంగతిలా చెప్పాడు.

తర్వాత నా మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మీరు మా బాపు లెక్క చెయ్యలే సార్. ఎవ్వలికి చెప్పలే. మీ దయతోటి ఆఖరిదాంక ఆడిన. ఆడి ఓడిన గని గీత బయట కూసోలే."

నేను నీళ్ళు తాగాను. వాడికీ ఇచ్చాను.

ఒక చీటీ కావాలన్నాడు. కంపెనీ కాగితం మీద, నా సంతకంతో. వాళ్ళ ఊరికి దగ్గరలో చక్కెర ఫ్యాక్టరీకి జట్టు ఉంది. లిఫ్టర్‌గా తీసుకుంటే కూలి పని అయినా దొరుకుతుందని, సంగీతకు మొహం చూపించాలంటే ఏదో ఒకటి ఉండాలని అన్నాడు. గంగాధరం సార్ రాసిచ్చిండంటే వింటరు అన్నాడు.

రాశాను. ఇంగ్లీషులో, నాలుగు వాక్యాలు. ఏడేళ్ళలో ఈ కంపెనీకి వచ్చిన లిఫ్టర్లలో ఇతనే మేటి. ఇతని చేతి నుంచి వచ్చిన బంతి కొట్టేవాడి లోపాన్ని కప్పుతుంది. ఇతనికి గాయం డ్యూటీలో తగిలింది. ఆ గాయంతోనే నెల రోజులు ఆడాడు. ఒక్క మాట కొట్టివేయలేదు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఇదంతా ఇంత సులువుగా వస్తుందని నాకు తెలియదు.

ఏం రాశారో తెలుగులో చెప్పమన్నాడు. చెప్పాను. మొదటి రెండు వాక్యాలకూ తల వంచుకుని విన్నాడు. మూడో వాక్యం దగ్గర చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది తీసెయ్యుండ్రి సార్. దెబ్బ అని రాస్తె ఆడలేడనుకుంటరు."

తీసేశాను. నాలుగో వాక్యం కూడా తీసేయాల్సి వచ్చింది. మిగిలిన రెండు వాక్యాలనూ కొత్త కాగితం మీద రాసి, సంతకం పెట్టి, స్టోర్ ముద్ర వేసి ఇచ్చాను. వాడు దాన్ని మడవబోయాడు. ఎడమ చెయ్యి అంచును పట్టలేక కాగితం రెండుసార్లు జారింది. నేను తీసుకుని నాలుగు మడతలు పెట్టి, వాడి చొక్కా జేబులో పెట్టాను.